చదివితే ఏం పోయింది?

ఇది 2014 ఏప్రిల్ నాటి మాట. ఎన్నికలు నెత్తిమీదికొచ్చాయి. తెలంగాణలో ఏప్రిల్ 30న, సీమాంధ్రలో మే 7న పోలింగ్. ఇలాంటప్పుడు అమెరికాలో ఎవరిదో సినిమా స్క్రిప్టు గొడవ మనకెందుకని మా డెస్క్‌లోనే ఒకరిద్దరు అడిగారు. మంగళవారం లాస్ ఏంజిలెస్‌లో ఒక జడ్జి ఇచ్చిన ఉత్తర్వు చూసి ఇక్కడి సినిమా పిచ్చోళ్లు కూడా ‘చూశారా, లీకైన స్క్రిప్టు చదివితే కోర్టే తప్పు కాదంది’ అని సంబరపడకపోతే మేమూ పట్టించుకునేవాళ్లం కాదు. కోర్టు ఆ మాట అనలేదు. అనని మాటను పట్టుకుని ఊరేగుతున్నారు కాబట్టే ఇది రాయాల్సి వస్తోంది.

సంగతి జనవరి నుంచి సినిమా పేజీల్లో నలుగుతున్నదే. హాలీవుడ్ దర్శకుడు క్వెంటిన్ టరాంటినో ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’ అనే కౌబాయ్ కథకు తొలి ప్రతి రాసుకుని, నమ్మకస్తులనుకున్న ఆరుగురికి ఇచ్చారు. నాలుగు రోజులు తిరక్కుండానే ఏజెంట్ల ఫోన్లు మొదలయ్యాయి, మా నటుడికి ఫలానా వేషం ఇప్పించండని. కథ చదవనివాళ్లకు అందులో ఏ వేషం ఉందో ఎలా తెలుస్తుంది? ఆయన మనసు విరిగి సినిమానే పక్కన పెట్టేశారు. ఆ మాట బయటికొచ్చిన రెండు రోజులకు, ఆ 146 పేజీలు ఎక్కడ దొరుకుతాయో గాకర్ అనే సైటు లింకు ఇచ్చి మరీ చూపించింది. ఆయన పది లక్షల డాలర్లకు పైగా పరిహారం కోరుతూ కోర్టుకెక్కారు.

ఇప్పుడు జడ్జి జాన్ వాల్టర్ ఆ ఫిర్యాదును కొట్టేశారు. ఎందుకు కొట్టేశారో చూడండి. గాకర్ దొంగతనానికి సాయం చేసిందంటున్నారు, సరే, సాయం అందుకున్న దొంగ ఎవరు? ఆ లింకు నొక్కి స్క్రిప్టును అక్రమంగా కాపీ చేసుకున్న మనిషిని ఒక్కణ్నయినా ఫిర్యాదులో చూపించలేదు, ఎవరో ఒకరు చేసే ఉంటారన్న ఊహ తప్ప. కావాలంటే మే 1లోగా సరిచేసుకుని రమ్మన్నారు. చట్టం లెక్కన అది తప్పో ఒప్పో లాయర్లు తేల్చుకుంటారు. మాకు మాత్రం ఈ ఉత్తర్వులో కనిపించింది ఒకటే. ఊరంతా భోంచేసింది, విస్తరి ముందు కూర్చున్నవాడు ఒక్కడూ దొరకలేదు.

ఎందుకు దొరుకుతాడు? అడిగితే అందరిదీ ఒకటే జవాబు. లీక్ చేసింది నేను కాదు, సైట్లో పెట్టింది నేను కాదు, ఎలాగూ బయటికొచ్చేసింది, నేనొక్కణ్ని చదివితే ఏం పోయింది?

ఇలా అనేవాళ్లు ఎవరో శత్రువులైతే బాధే లేదు. ఆయన అభిమానులు. ఆయన సినిమాల్లో డైలాగులు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాళ్లు. మూడు నెలలుగా వాళ్ల కబుర్లన్నీ ఆ పీడీఎఫ్ చుట్టూనే. ఫలానా పాత్ర ఎవరు వేస్తే బాగుంటుంది, మంచు తుఫానులో చిక్కుకున్న ఆ గది సీన్లు సాగాయా లేదా, ముగింపు తేలిపోయిందా, పాత సినిమాల ముందు ఇది ఆనుతుందా. ఒకడు అప్పుడే మార్కులు కూడా వేసేశాడు. మళ్లీ వాళ్లే, ఆ నోటితోనే, అయ్యో సినిమా ఆగిపోయిందే అని కన్నీళ్లు. ఆ కాగితాలు ఇలా చేతులు మారినందుకే కదండీ ఆయన ఆపేసింది!

పైగా అది తొలి ప్రతి. రాసే అలవాటున్న ఎవరినైనా అడగండి, తొలి ప్రతి అంటే ఏమిటో చెబుతారు. సగం సీన్లు తీసేయడానికే రాస్తారు. పాత్ర గొంతు దొరికేదాకా అడ్డదిడ్డంగా మాట్లాడిస్తారు. అది రచయిత ఒంటరిగా తప్పులు చేసుకునే చోటు. ఆ గదిలోకి తలుపు తోసుకుని వెళ్లి, ఇంకా తల దువ్వుకోని మనిషిని చూసి, అందగాడు కాదే అని పెదవి విరవడం అభిమానమెలా అవుతుంది?

అవతలివాళ్లకూ ఒక వాదన ఉంది, చెప్పేస్తాం. తన స్క్రిప్టులు జనం వెతికి పట్టుకుని చదవడం తనకిష్టమేనని జనవరిలో ఆ గోల మొదలైన రోజు ఇంటర్వ్యూలోనే టరాంటినో అన్నారు. 2008లో ‘ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్’ స్క్రిప్టు ముందే బయటికొచ్చినా సినిమా తీశారు, ఆడింది. సినిమా నేర్చుకునే కుర్రాళ్లకు స్క్రిప్టు చదవడం అవసరమే, మన దగ్గర అవి పుస్తకాలుగా దొరికేది తక్కువే. నిజమే. కానీ నా పంట నలుగురూ తింటే నాకు సంతోషమని రైతు అన్నాడంటే, పాలకంకుల మీద ఉండగానే చేలో పడమని కాదు. ఎప్పుడు కోయాలో చెప్పాల్సింది అతనే. అదే ఇంటర్వ్యూలో, ఇచ్చింది ఆరుగురికే అని కూడా ఆయన గట్టిగా అన్నారు. ఆ ముక్క మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

ఇక గాకర్ సమర్థింపు మరీ విడ్డూరం. స్క్రిప్టు లీకైందని ఆయనే గోల చేశారు, అది వార్తయింది, వార్తలో భాగంగా లింకు ఇచ్చామంటోంది. ఫలానా వారింట్లో దొంగలు పడ్డారని మేమూ రోజూ రాస్తాం. దొంగసొత్తు ఏ సందులో అమ్ముతున్నారో అడ్రసు వేయం. పత్రిక నడిపేవాళ్లకు ఈ తేడా తెలియదంటే నమ్మాలా?

మన సినిమావాళ్లకు ఈ భయం కొత్తది కాదు. కృష్ణానగర్‌లో ఏ అసిస్టెంట్ డైరెక్టర్‌నైనా కదిలించి చూడండి. మన దగ్గర కథ చెబుతారు, ఇవ్వరు. హీరో ముందు గంటన్నర నోటితో చెప్పి, ఫైలు చంకలో పెట్టుకుని తిరిగొస్తారు. ఇంటర్వెల్ దాకా చెప్పి క్లైమాక్స్ దాచుకునేవాళ్లున్నారు. రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకున్నాకే నోరు విప్పేవాళ్లున్నారు. కాగితం చేయి దాటితే కథ తనది కాకుండా పోతుందన్న టెన్షన్ అది. ఆస్కార్ గెలిచిన మనిషికే, ఆరుగురికిచ్చిన కాగితానికే ఈ గతి పడితే, రేపు ఆ అసిస్టెంట్ ఎవరి చేతిలో పెడతాడు తన కథ? చదివి బాగోగులు చెప్పే ఒక్క స్నేహితుడు కూడా అతనికి మిగలడు. ఏం పోయిందంటున్నారే, పోయిందిదే.

2013 సెప్టెంబరు అప్పుడే మరిచిపోయామా? ‘అత్తారింటికి దారేది’ థియేటర్లకు రాకముందే సీడీల్లోకి వచ్చేసింది. అక్టోబరులో రావాల్సిన సినిమాను సెప్టెంబరు 27కే ఆదరాబాదరాగా విడుదల చేశారు. ఆ వారం రాష్ట్రంలో పైరసీని తిట్టని కుర్రాడు లేడు. సీడీలమ్మేవాడు కనిపిస్తే కొట్టేంత ఆవేశం. చాలా సంతోషించాం. మరి జనవరిలో ఆ ఆవేశం ఏమైంది? మన హీరో సినిమా అయితే దొంగతనం, తెల్లదొర సినిమా అయితే సాహిత్యాభిరుచా? సీడీ కొన్నవాడు ద్రోహి, పీడీఎఫ్ దింపుకున్నవాడు సినీప్రియుడా? సీడీ కొన్నవాడూ అప్పట్లో ఇదే అన్నాడు: ఎలాగూ బయటికొచ్చింది, నేనొక్కణ్ని చూస్తే ఏం పోయింది?

ఆ సినిమా పెద్ద హిట్టయింది కాబట్టి లీకు మంచే చేసిందని అప్పుడు కొందరన్నారు. ఇప్పుడూ అదే పాట. మొన్న శనివారం లాస్ ఏంజిలెస్‌లోని ఏస్ హోటల్ థియేటర్‌లో శామ్యూల్ ఎల్. జాక్సన్, కర్ట్ రస్సెల్, టిమ్ రోత్ లాంటివాళ్లను వేదికపై కూర్చోబెట్టి టరాంటినో ఆ స్క్రిప్టు చదివించారు. సీన్ల వర్ణన తానే చదివారు. ఇంకేం, లీకు లేకపోతే ఈ ముచ్చట ఉండేదా అంటున్నారు మన మేధావులు. ఇల్లు తగలబడినా మనిషి చెట్టుకింద వంట మొదలుపెట్టాడంటే అది ఆయన గుండెధైర్యం. అందులో అగ్గిపుల్ల గొప్పతనం ఏముంది?

ఆ వేదిక మీదే ఆయన ఇంకో మాట చెప్పారు. రెండో ప్రతి రాస్తున్నానని, ఆ తర్వాత మూడోది కూడా ఉంటుందని, చివరి అధ్యాయం ఇలా ఉండదని. అంటే మూడు నెలలుగా మీరు మార్కులేసి, చీల్చి చెండాడి, స్నేహితుల మెయిళ్లకు పంపుకున్నది ఆ సినిమా కాదు, ఆయన చెత్తబుట్టలో వేయబోతున్న కాగితాలు. సినిమా వచ్చాక మొదటి రోజు మొదటి ఆట టికెట్ కోసం లైన్లో నిలబడేది మీరేనని తెలుసు. అప్పటిదాకా ఆ మనిషిని రాసుకోనివ్వండి. మీ కంప్యూటర్లో ఉన్న ఆ ఫైలు ఇవాళే తీసేయండి.