మరుపుకు బేడీలు వేస్తే ఏ బిడ్డ బతుకుతుంది?

నిన్న రాత్రి మా ఊరి తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వార్త పెట్టారు. ఇక్కడే టెక్సస్‌లో, ఎండలో నిలిపిన కారు వెనుక సీటులో ఒక పసిబిడ్డ ప్రాణం పోయింది. పొద్దున డేకేర్‌లో దింపేశాననుకుని తండ్రి నేరుగా ఆఫీసుకు వెళ్ళిపోయాడు. ఆ వార్త కింద వరుసగా వచ్చిన మాటలు చదివాక నాకు ఇప్పటికీ మనసు కుదుటపడలేదు. "ఇలాంటి వాళ్ళను ఉరి తీయాలి" అని ఒకరు, "కన్నబిడ్డను ఎవరైనా మరిచిపోతారా, దీని వెనక ఏదో ఉంది" అని ఇంకొకరు, "మనవాళ్ళు ఇలాంటి పనులు చెయ్యరు, ఇదంతా ఇక్కడి వాళ్ళ పెంపకం" అని మరొకరు రాశారు. మరిచిపోవడమూ చంపడమూ ఒకటి కావని నేను రెండు వాక్యాలు రాశాను. నేరస్థులను వెనకేసుకొస్తున్నానని ఒక పెద్దమనిషి నాకు బుద్ధి చెప్పి, నేను జవాబు రాసేలోపే అడ్మిన్ హోదాలో చర్చను ముగించేశారు. అందుకని ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ 'మనవాళ్ళు' అన్న మాట సంగతి చూద్దాం. 2024 మే నెలలో రాజస్థాన్‌లోని కోటా ప్రాంతంలో ఒక కుటుంబం పెళ్ళికి వెళ్ళింది. తల్లి పెద్దకూతురితో ముందు దిగింది, తండ్రి కారు పార్కు చేసి వచ్చాడు. చిన్నది తల్లితో వెళ్ళిందని తండ్రీ, తండ్రి వెంట ఉందని తల్లీ అనుకున్నారు. మూడేళ్ళ పిల్ల కారులోనే ఉండిపోయింది. ఆ తల్లిదండ్రులు పోస్టుమార్టం వద్దన్నారు, కేసూ వద్దన్నారు. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ళ మండలం దామరగిద్దలో, పెళ్ళి హడావుడిలో ఉన్న ఇంటి ఇద్దరు ఆడపిల్లలు ఆడుకుంటూ కారెక్కి ఊపిరాడక చనిపోయారు. మరుసటి నెలలోనే విజయనగరం జిల్లా ద్వారపూడిలో, ఆగి ఉన్న కారులో నలుగురు పిల్లలు అలాగే పోయారు. ఈ ఆరుగురినీ ఎవరూ మరిచిపోలేదు, వాళ్ళంతట వాళ్ళే ఎక్కారు, తలుపులు తీసుకోలేకపోయారు. అయినా గ్రూపులో రాసిన మాటలను ఆ ఇళ్ళ గడప ముందు నిలబడి అనగల ధైర్యం మనలో ఎవరికైనా ఉందా? ముక్కూ మొహం తెలియని ఇక్కడి తండ్రి విషయంలో మాత్రం ఆ ధైర్యం ఒక్క క్షణంలో ఎలా వచ్చేసింది?

ఇక చట్టం. ఉరి తీయాలని రాసినవారు తాము ఉంటున్న రాష్ట్రంలో చట్టం ఏం చెబుతోందో చూసి ఉంటే బాగుండేది. టెక్సస్ శిక్షాస్మృతిలో 22.10 అనే సెక్షన్ ఉంది. ఏడేళ్ళ లోపు బిడ్డను, పద్నాలుగేళ్ళు నిండినవారెవరూ తోడు లేకుండా, అయిదు నిమిషాలకు మించి వాహనంలో వదిలితే అది నేరం. అయితే ఉద్దేశపూర్వకంగా గాని, తెలిసి గాని వదిలితేనే నేరం. ఆ షరతు అక్కడ ఊరికే లేదు. కారులో బిడ్డ ఉందని తెలిసి, ఎండ సంగతి తెలిసి, సరుకులు కొనుక్కుని వద్దామని తాళం వేసి వెళ్ళిన మనిషి వేరు, బిడ్డ డేకేర్‌లో ఆడుకుంటోందని మనసారా నమ్మి రోజంతా పనిచేసుకున్న మనిషి వేరు. మొదటివాడిని శిక్షించవద్దని నేను ఎన్నడూ అనలేదు. తెలిసి వదిలినవాడిపై, తాగి ఒళ్ళు తెలియక వదిలినవాడిపై కేసు పెట్టవలసిందే, శిక్ష పడవలసిందే. మన దేశంలోని బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కూడా నిర్లక్ష్యాన్ని నేరంగా చెప్పేటప్పుడు అది తెలిసి చేసినదై ఉండాలనే అంటుంది. తెలియక జరిగిన దానికి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉంది, నిర్లక్ష్యం వల్ల మరణం కింద అయిదేళ్ళ వరకు శిక్ష వెయ్యవచ్చు. కాని మరుపు నిర్లక్ష్యం కిందికి వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. బిడ్డ చనిపోయినప్పుడు అమెరికాలోనూ ప్రాసిక్యూటర్లు 22.10 వంటి చిన్న సెక్షన్‌తో ఆగకుండా నిర్లక్ష్యపు మరణం, హత్య వంటి పెద్ద సెక్షన్లకు వెళ్ళగలరు. వెళ్ళాలా వద్దా అన్నది ఆ కౌంటీ ప్రాసిక్యూటర్ ఇష్టం, ఆయన చాలాచోట్ల ఎన్నికల్లో గెలిచి వచ్చిన మనిషి. ఒకే రకంగా మరిచిపోయిన ఇద్దరు తండ్రులలో ఒకరు బిడ్డను పూడ్చిపెట్టి ఇంటికి వెళితే, ఇంకొకరు బేడీలతో కోర్టుకు వెళ్ళడం ఏ న్యాయం?

2008 జులైలో వర్జీనియాలో ఒక తండ్రి, రష్యా నుంచి దత్తత తెచ్చుకున్న పసివాడిని డేకేర్‌లో దింపడం మరిచి ఆఫీసుకు వెళ్ళాడు. సుమారు 9 గంటలు ఆ బిడ్డ కారులోనే ఉన్నాడు. ఉద్దేశం లేని హత్య కింద ఆయనపై కేసు నడిచింది, అదే ఏడాది డిసెంబరులో న్యాయమూర్తి ఆయన నిర్దోషి అని తేల్చాడు. ఆ తీర్పు రష్యాలో ఎంత ఆగ్రహం రేపిందంటే, 2012లో అమెరికన్లు రష్యా పిల్లలను దత్తత తీసుకోకుండా నిషేధిస్తూ తెచ్చిన చట్టాన్ని ఆ బిడ్డ పేరుతోనే పిలిచారు. ఒక ఇంటి శోకం రెండు దేశాల రాజకీయాలకు పనిముట్టయింది. ఆ నిషేధం వల్ల అనాథాశ్రమాల్లోనే మిగిలిపోయిన పిల్లల గురించి మాత్రం ఎవరికీ పట్టలేదు.

2014 జూన్‌లో జార్జియాలో జరిగింది నన్ను ఇంకా బాధపెడుతుంది. 22 నెలల కొడుకును ఒక తండ్రి 7 గంటలపాటు కారులో వదిలేశాడు. కావాలనే చంపాడని ప్రాసిక్యూషన్ వాదించింది. అతడు భార్యకు తెలియకుండా ఇతర స్త్రీలకు, ఒక మైనరు బాలికకు కూడా, పంపిన అసభ్య సందేశాలను రోజుల తరబడి జ్యూరీ ముందు పరిచింది. 2016లో హత్యా నేరం ఖాయమై, పెరోల్ లేని యావజ్జీవమూ, దానిపైన మరో 32 ఏళ్ళూ పడ్డాయి. 2022లో జార్జియా సుప్రీంకోర్టు ఆ హత్యా నేరపు తీర్పును కొట్టేసింది. ఆ సందేశాల సాక్ష్యం జ్యూరీ మనసును అన్యాయంగా విరిచిందని చెప్పింది. 2023లో ప్రాసిక్యూటరే హత్య కేసును వదులుకున్నారు. మైనరు బాలిక విషయంలో అతడు చేసింది నేరమే, ఆ శిక్ష అతడు అనుభవించాడు, అందులో నాకు ఎలాంటి జాలీ లేదు. కాని చెడ్డ భర్త కాబట్టి కొడుకును చంపి ఉంటాడన్న తర్కం కోర్టులో గెలిచి, దాన్ని సరిదిద్దడానికి అయిదున్నర ఏళ్ళు పట్టిందంటే, మా గ్రూపులో "దీని వెనక ఏదో ఉంది" అన్న మనిషి ఒంటరి కాదని అర్థమవుతోంది. తండ్రి విషయంలో ఇలా అక్రమ సంబంధాలు వెతుకుతారు, తల్లి విషయంలో ఆ అవసరం కూడా ఉండదు. ఉద్యోగానికి వెళ్ళే ఆడది కావడమే చాలు, నేరం రుజువైపోతుంది.

కన్నబిడ్డను ఎవరైనా మరిచిపోతారా అని అడిగారు కదా. మరిచిపోతారు. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జ్ఞాపకశక్తిపై పరిశోధించే డేవిడ్ డైమండ్ ఏళ్ళ తరబడి ఈ విషయమే చెబుతున్నారు. రోజూ చేసే పనిని మెదడులో ఒక భాగం మన ప్రమేయం లేకుండా నడిపిస్తుంది, 'ఈ రోజు దారిలో ఆగాలి' అన్న కొత్త పనిని వేరే భాగం గుర్తు పెట్టుకోవాలి. నిద్ర చాలనప్పుడు, ఒత్తిడి ఉన్నప్పుడు, రోజువారీ క్రమం మారినప్పుడు మొదటిది గెలుస్తుంది. బిడ్డను దింపేశామన్న అబద్ధపు జ్ఞాపకాన్ని కూడా మెదడే తయారు చేసి పెడుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచే మెదడే ఇది, బిడ్డ విషయానికి వేరే మెదడు ఎవరికీ లేదు. మన ఇళ్ళలో ఆ క్రమం ఎప్పుడు మారుతుందో మనకు తెలియదా? ఆరు నెలలు ఉండి బిడ్డను చూసుకున్న అమ్మానాన్నలు ఇండియా విమానం ఎక్కిన మరుసటి వారం, భార్యకు పొద్దున్నే మీటింగు పడి భర్త బిడ్డను దింపవలసి వచ్చిన రోజు, రాత్రి రెండింటి దాకా హైదరాబాద్ టీముతో కాల్‌లో కూర్చున్న మరునాడు. వెనక్కి తిప్పి కట్టిన సీటులో నిద్రపోయిన పసిబిడ్డ ముందు కూర్చున్నవారికి కనబడదు, వినబడదు.

అసలు ఆ సీటు వెనక్కి ఎందుకు వెళ్ళింది? 1990లలో ముందు సీటు ఎయిర్‌బ్యాగులు పసిపిల్లల ప్రాణాలు తీస్తున్నాయని తేలాక, పిల్లలను వెనుక సీటులో, అందులోనూ చిన్నవాళ్ళను వెనక్కి తిప్పి కూర్చోబెట్టమని ప్రభుత్వమే చెప్పింది. అది సరైన నిర్ణయమే, ఎయిర్‌బ్యాగు మరణాలు తగ్గిపోయాయి. కాని బిడ్డ కంటికి కనబడని చోటికి వెళ్ళింది, కారులో మరిచిపోయిన పిల్లల మరణాలు ఆ తర్వాతే పెరిగాయి. 1990 నుంచి లెక్కిస్తే కార్ల వేడికి ఈ దేశంలో వెయ్యి మందికి పైగా పిల్లలు పోయారు. సగటున ఏడాదికి 37 మంది పోతున్నారు, 2018లోనూ 2019లోనూ 50 దాటారు. వీరిలో సగానికి పైగా పెద్దలు మరిచిపోయిన పిల్లలే. బయట 32 డిగ్రీలు ఉంటే అరగంటలో కారు లోపల 50 దాటుతుంది, అద్దం కొద్దిగా దించినా పెద్ద తేడా ఉండదు, పసిబిడ్డ ఒళ్ళు పెద్దవారికంటే మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఇవన్నీ పాత సంగతులు, అధికారంలో ఉన్నవారందరికీ తెలుసు.

నా కోపమంతా ఇక్కడే ఉంది. హెడ్‌లైట్లు ఆర్పకపోతే కారు మోగుతుంది, బెల్టు పెట్టుకోకపోతే మోగుతుంది, తలుపు సరిగా పడకపోతే మోగుతుంది. వెనుక సీటు చూసుకోమని హెచ్చరించే ఏర్పాటును ఒక పెద్ద కంపెనీ 2017 మోడల్ కారులోనే పెట్టింది, అంటే సాధ్యం కాదన్న మాటకు తావు లేదు. 2021 నవంబరులో సంతకమైన మౌలిక సదుపాయాల చట్టం, ప్రతి కొత్త కారులోనూ అలాంటి హెచ్చరిక తప్పనిసరి చేస్తూ రెండేళ్ళలో నియమం తేవాలని రవాణా శాఖను ఆదేశించింది. 2023 నవంబరులో ఆ గడువు ముగిసింది, నియమం రాలేదు. బిడ్డ ఉందో లేదో కనిపెట్టే పరికరం కావాలని బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు వాషింగ్టన్ చుట్టూ తిరిగి అడిగితే, చివరికి చట్టంలో మిగిలింది ఇంజను ఆపాక వెనుక సీటు చూసుకోమనే హెచ్చరిక మాత్రమే. దానికి కూడా గడువు దాటించారు. ఇక్కడ మరుపు లేదు. ఫైలు ఉంది, తేదీ ఉంది, ఆ తేదీ తెలిసిన అధికారులు ఉన్నారు. తెలిసి వదిలేయడమే నేరమైతే, అది ఎవరి నేరం?

ఇటలీ నాలుగేళ్ళ లోపు పిల్లల కారు సీటుకు, బిడ్డను మరిచిపోతే హెచ్చరించే అలారం పరికరం తప్పనిసరి అని 2018లో చట్టం చేసింది, 2020 మార్చి నుంచి అది లేనివారికి జరిమానా వేస్తోంది, కొనేవారికి 30 యూరోల సాయం కూడా ప్రకటించింది. అక్కడి చట్టం బిడ్డ బతికుండగానే తల్లిదండ్రుల బాధ్యతను అడుగుతోంది, అలాంటి జరిమానాను నేను సంతోషంగా కడతాను. జపాన్‌లోని షిజుఓకా ప్రాంతంలో 2022 సెప్టెంబరులో మూడేళ్ళ పాప కిండర్‌గార్టెన్ బస్సులో ఉండిపోయి చనిపోయింది. ఆరోజు బస్సు నడిపింది ఆ బడి అధిపతే. పాప రాలేదని బడివారు గమనించారు, కాని ఇంటికి ఫోన్ చెయ్యలేదు. ఏడు నెలలు తిరగకుండానే, 2023 ఏప్రిల్ నాటికి, బస్సుల్లో భద్రతా పరికరాలను జపాన్ తప్పనిసరి చేసింది. ఆ అధిపతికి 2024లో జైలు శిక్ష పడింది. పిల్లలను లెక్కపెట్టి దించడమే పనిగా జీతం తీసుకునే సంస్థకూ, నిద్రలేని తండ్రికీ ఉన్న తేడాను నేను ఇలాగే చూస్తాను.

డేకేర్ల మాట వచ్చింది కాబట్టి ఎప్పటినుంచో నా మనసులో ఉన్నది చెబుతాను. మా బిడ్డ వెళ్ళే డేకేర్, నెల ఫీజు ఒక్కరోజు ఆలస్యమైతే ఉదయం ఎనిమిదింటికల్లా మెసేజి పంపుతుంది. సాయంత్రం తీసుకురావడానికి పది నిమిషాలు ఆలస్యమైతే నిమిషానికింత అని వసూలు చేస్తుంది. కాని బిడ్డ ఉదయం రాకపోతే ఎందుకు రాలేదని ఇప్పటివరకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. అడిగితే అది తమ విధానం కాదన్నారు. తొమ్మిదింటికి బిడ్డ రాలేదని తొమ్మిదింబావుకు ఒక ఫోన్ వెళితే ఆగిపోయే మరణాలు ఇవి. ఆ ఒక్క ఫోన్ కోసం పోట్లాడటానికి ఎవరూ ముందుకు రారు, ఉరితీత గురించి రాయడానికి మాత్రం అందరికీ తీరిక ఉంటుంది.

జైలు భయం ఉంటే జాగ్రత్తగా ఉంటారని అడ్మిన్ గారు సెలవిచ్చారు. బిడ్డ చనిపోతుందన్న భయం కంటే జైలు భయం ఏ తల్లికి, ఏ తండ్రికి ఎక్కువ? బిడ్డను దింపేశానని నమ్మిన మనిషికి ఏ శిక్షా ముందుగా గుర్తు రాదు. శిక్ష వల్ల జరిగేది వేరే. మిగిలిన బిడ్డను సంక్షేమ శాఖ వారు తీసుకుపోతారన్న భయంతో ఆ ఇల్లు శోకానికి కూడా నోచుకోదు, హెచ్-1బీ మీద ఉన్న కుటుంబమైతే ఒక్క అరెస్టుతో వీసా, ఉద్యోగం రెండూ ప్రమాదంలో పడతాయి, అంత్యక్రియలకు దాచుకున్న డబ్బు లాయరుకు పోతుంది. పైగా ఇది రాక్షసులు మాత్రమే చేసే పని అని నమ్మినవారెవరూ తమ కారులో ఆ అలారం కొని పెట్టుకోరు. ఉరి తీయాలన్న మాట చేసే అసలు హాని అదే, అది వినేవారికి తమ బిడ్డ క్షేమంగా ఉందన్న తప్పుడు ధీమా ఇస్తుంది.

సోమవారం ఉదయం మా డేకేర్ యాజమాన్యానికి ఒక ఉత్తరం ఇస్తున్నాను. ముందుగా చెప్పకుండా బిడ్డ రాకపోతే పదిహేను నిమిషాల్లో తల్లికి, తండ్రికి ఇద్దరికీ ఫోన్ చెయ్యాలని, ఎత్తకపోతే మూడో నంబరుకు చెయ్యాలని, ఇదంతా ఒప్పంద పత్రంలో రాసి ఇవ్వాలని అందులో అడిగాను. మన ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడికి, గడువు దాటిన ఆ నియమం గురించి ఇంకో ఉత్తరం సిద్ధంగా ఉంది. సంతకం చెయ్యదలచినవారు, నిన్న గ్రూపులో నాతో వాదించినవారైనా సరే, ఆదివారం రాత్రిలోగా పేరు, పిల్లల డేకేర్ పేరు నాకు పంపించండి.