సైకిళ్లొస్తున్నాయి, బ్లీచింగ్ చల్లండి!

పాడుబడిన పేటల్ని బాగుచేయడానికి మనం ఇన్నాళ్లూ మాస్టర్ ప్లాన్లు, కమిటీలు, కన్సల్టెంట్లు అంటూ అనవసరంగా ఆయాసపడ్డాం. మందు సైకిలు హ్యాండిల్‌కే తగిలించి ఉంది.

అమెరికాలో డెట్రాయిట్ సంగతి చూడండి. 1950లో పద్దెనిమిది లక్షల పైచిలుకు జనం, 2010 నాటికి ఏడు లక్షల చిల్లర. లోకానికి కార్లు చేసిపెట్టిన ఊరు, ఆ కార్లలోనే ఖాళీ అయింది. 2013లో కార్పొరేషన్ దివాలా తీసేనాటికి వీధిదీపాల్లో నూటికి నలభై వెలగడం మానేశాయి. అక్కడే 2010లో ఇద్దరు స్నేహితులు 'స్లో రోల్' పేరుతో సోమవారం సాయంత్రాల సైకిల్ సవారీ మొదలుపెడితే, పోనుపోను వేలమంది చేరారు. పందెం కాదు, కబుర్లాడుకుంటూ తొక్కడమే. జనం ముఖం చాటేసిన వీధుల్లోకి జనాన్ని తీసుకెళ్లడమే అందులోని కిటుకు. ఊరిని సైకిలొక్కటే లేపిందని నేననను, పెట్టుబడులూ వచ్చాయి. కానీ కారు అద్దంలోంచి భయపెట్టిన వీధి సైకిలు మీద మామూలు వీధే అని తేలింది.

హైదరాబాదులో మనకూ ఉత్సాహానికి లోటు లేదు. ఆదివారం తెల్లారకముందే లేచి, సైకిలును కారు వెనక కట్టి, నార్సింగి దాకా పెట్రోలు కాల్చి, అక్కడ దించి తొక్కి, మళ్లీ కారెక్కించి ఇల్లు చేరతాం. పర్యావరణం మనకు ఎంతో రుణపడి ఉంది. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉండనే ఉంది. పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. కప్పు కింద ఎండ తగలదు, ముఖ్యంగా నగరం తగలదు.

కాబట్టి వచ్చే ఆదివారం నుంచి దారి మార్చాలని ప్రతిపాదిస్తున్నాను. పురానాపూల్‌తో మొదలెడదాం. 1578 నాటి వంతెన, చార్మినార్‌కు పదమూడేళ్లు పెద్దన్న. దాని మీద టమాటాలు, కొత్తిమీర కట్టలు పేర్చుకుని అమ్ముతుంటారు. అక్కణ్నుంచి జియాగూడ, ఆపై కార్వాన్, అక్కడ 1671 నాటి టోలీ మసీదు.

ఆ గల్లీల్లో ఇప్పటికే సైకిళ్లున్నాయి కదా అంటారు కొందరు అమాయకులు. పాలక్యాన్లు వేలాడేసుకున్నవాడూ, పేపరు కుర్రాడూ, కత్తులు సానపట్టేవాడూ తొక్కేది కూడా సైకిలేనట! వాళ్లకు హెల్మెట్ ఏదీ? జెర్సీ ఏదీ? యాప్‌కెక్కని కిలోమీటరు తొక్కినట్టేనా? నలభై ఏళ్లుగా తొక్కుతున్నవాళ్ల కోసం ఎవరూ ఒక గుంత పూడ్చలేదంటే, వాళ్లు తొక్కడంలోనే ఏదో లోపముండాలి.

మన సైకిళ్లకు ఆ లోపం లేదు. 'ఆదివారం ర్యాలీ, పెద్దసారు కూడా వస్తున్నారు' అన్న కబురు చాలు. శనివారం మధ్యాహ్నానికి చెత్తకుండీ పక్క గల్లీకి బదిలీ అవుతుంది. మూడేళ్లుగా దొరకని మ్యాన్‌హోల్ మూత దొరుకుతుంది. చీకటి పడ్డాక ఒకాయన బకెట్ చంకన పెట్టుకుని, రోడ్డుకు రెండువైపులా పెళ్లివారింటి ముగ్గంత శ్రద్ధగా బ్లీచింగ్ పౌడర్ గీత గీసుకుంటూ పోతాడు. ఆ గీత మలుపు దాకానే. మలుపు తర్వాత ర్యాలీ లేదు, దోమలకూ ఆ సంగతి తెలుసు.

అందుకే నా రెండో ప్రతిపాదన: ర్యాలీ ప్రతివారం జరగాలి, దారి మాత్రం ఎవరికీ చెప్పకూడదు. ఏ గల్లీలోకి ఏ తలకాయ వస్తుందో తెలియకపోతే అన్ని గల్లీలూ ఊడవక చస్తారా? బ్లీచింగ్ ఖర్చు పెరుగుతుందని ఫైనాన్సువారు కొర్రీ వేస్తారు, వేయనివ్వండి.

ఇంకో చిన్న షరతు. జేబులో ప్రొటీన్ బార్లు పెట్టుకుని రాకూడదు. ఇంటి నుంచి నీళ్లు, ఇంటి నుంచి తిండి, మళ్లీ నేరుగా ఇంటికి అంటే పేటకు మిగిలేది మన సెల్ఫీయే. గల్లీ హోటల్లో కూర్చుని చాయ్ తాగాలి, ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తినాలి, డబ్బులివ్వాలి. పంక్చరైతే అక్కడి కొట్లోనే ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూపించాలి. రెండు లక్షల సైకిలుకు ఆ మాత్రం అవమానం ఫరవాలేదు.

మొదటి సవారీకి ముఖ్య అతిథిగారు ఒప్పుకున్నారు. సైకిలు మీదే వస్తామన్నారు కూడా. ముందు పైలట్ సైకిలు ఒకటా రెండా, సైరన్ ఎవరి హ్యాండిల్‌కు బిగించాలి అన్న విషయాల మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయి.