కదలని కారుకు టోల్ రుసుము

ఒక శనివారం రాత్రి పదకొండు గంటలకు, విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిపి ఉన్న మా కారు జాతీయ రహదారిపై ఒక టోల్ ప్లాజా దాటిందనీ, ఫాస్టాగ్ ఖాతా నుండి రుసుము మినహాయించామనీ ఫోనుకు సందేశం వచ్చింది. ట్యాగ్ జారీ చేసిన బ్యాంకుకు ఫోన్ చేస్తే, ఆ సమయంలో బండి అక్కడ లేదని రుజువు పంపమన్నారు. లేని చోట లేనని రుజువు చేసుకోవడానికి మా వాచ్‌మన్‌ను బతిమాలి, సెల్లార్ సీసీ కెమెరా దృశ్యాలు తీయించి పంపవలసి వచ్చింది.

అద్దానికి అంటించే ఆ ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. లేన్ పైనున్న రీడర్ పంపే తరంగాలతోనే అది పలుకుతుంది కనుక సెల్లార్‌లోని ట్యాగ్‌ను అక్కడి యంత్రం చదివే అవకాశమే లేదు. ముందున్న బండి ట్యాగ్ చదవబడనప్పుడు సిబ్బంది నంబరును చేత్తో నమోదు చేస్తారు. మా విశాఖ బండ్ల నంబర్ల మొదట ఉండే ఏపీ 31 తర్వాత ఒక్క అంకె తప్పు కొట్టినా, ఆ రుసుము ఎవరో ఒకరి ఖాతా మీద పడుతుంది. మా విషయంలో జరిగింది అదేనని నా నమ్మకం. అయితే లేన్‌లో బండి ఫొటో తీసే కెమెరా వాళ్ల దగ్గరే ఉండగా, రుజువు నన్నెందుకు అడగాలి?

మన పొరపాటుకు మాత్రం శిక్ష అక్కడికక్కడే పడుతుంది. చెల్లే ట్యాగ్ లేకపోతే 2021 ఫిబ్రవరి నుండి రెట్టింపు రుసుము కట్టవలసి వచ్చింది. 2025 నవంబరులో యూపీఐతో చెల్లించేవారికి దాన్ని 1.25 రెట్లకు తగ్గించారు. ట్యాగ్ బాగుండి, ఖాతాలో సొమ్మూ ఉండి, యంత్రమే పనిచేయకపోతే రుసుము లేకుండా సున్నా రసీదుతో పంపాలని 2018లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కానీ ఆ మాట ఎత్తి వాదించబోతే వెనుక లారీల హారన్లు మోగుతాయి, పిల్లలతో ప్రయాణించేవారు గొడవెందుకని అడిగినంతా కట్టేస్తారు. సిబ్బందిని నేను తప్పుపట్టను, ఎండలో నిలబడి తిట్లు తినేది వాళ్లే.

జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు రెండుసార్లు ఫోన్ చేసి, బ్యాంకుకు మూడు ఉత్తరాలు రాశాక, పంతొమ్మిదో రోజున సొమ్ము తిరిగి జమ అయింది. రుసుము మినహాయించిన ప్రతి సందేశంతోపాటు బండి ఫొటో చూసే లంకె కూడా పంపాలని, అది చూపలేనప్పుడు అడగకుండానే సొమ్ము తిరిగి ఇవ్వాలని నా చివరి ఉత్తరంలో కోరాను. ఆ రాత్రి ఆ లేన్‌లో దాటిన బండి ఫొటో కూడా అడిగాను. అది ఇప్పటికీ రాలేదు.