రెండో సీజన్ గారి సముఖానికి

మహారాజశ్రీ క్రైమ్ సీరియల్ రెండో సీజన్ గారికి, మొదటి సీజన్ నాటి నుంచీ నిద్ర పాడుచేసుకున్న ఒక ప్రేక్షకుడు రాసుకునేది. ఉభయకుశలోపరి. మీ వైపు చచ్చినవాళ్లు కూడా కులాసాగా లేచి తిరుగుతున్నారు కాబట్టి అక్కడి క్షేమం అడగక్కర్లేదు. మా ఇంట్లోనే బాగాలేదు. మీ ఎనిమిది ఎపిసోడ్లు అయ్యేసరికి అయిదుగురం అయిదు పార్టీలయ్యాం.

మీ అన్నగారు, అదే మొదటి సీజన్, సత్యహరిశ్చంద్రుడేం కాదు. ఆయన డిటెక్టివ్ పదకొండు రోజులు కంటిమీద కునుకు లేకుండా తిరిగాడు, గడ్డం మాత్రం ఒక్క మిల్లీమీటరు పెరగలేదు. మేం ఏమైనా అన్నామా? అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. ఆయన అతికించాడు. చెవిలో ఒక పువ్వు పెట్టాడు, అందంగానే ఉందిలే అని ఉంచుకున్నాం. దాన్ని చూసి మీరు ఏకంగా కుండీతో వచ్చారు.

ఆ డాక్టర్‌గారి సంగతే తీసుకోండి. మొదటి సీజన్ ఆఖర్లో ఆయన చచ్చిపోయాడు. పొగలో మాయమవడం, నీళ్లలో కొట్టుకుపోవడం లాంటిదేం కాదు. బల్ల మీద పడుకోబెట్టారు, పోస్ట్‌మార్టం చేశారు, బొటనవేలికి చీటీ కట్టారు. చీటీ మీది పేరు మేం కూడబలుక్కుని చదువుకునేదాకా కెమెరా అక్కడే నిలబడింది. మా అమ్మ కళ్లు తుడుచుకుంది కూడా. మీ రెండో ఎపిసోడ్‌లో అదే మనిషి కారు దిగి "బాగున్నావా?" అన్నాడు. కవలలు అని బావ, ప్లాస్టిక్ సర్జరీ అని అమ్మ పందెం వేసుకున్నారు. మీరేమో ఎవర్నీ నొప్పించకుండా ఇద్దరినీ గెలిపించారు. కవల తమ్ముడున్నాడట, అన్న పోలికలు సరిగ్గా రాలేదని సర్జరీ చేయించుకున్నాడట!

చచ్చినవాణ్ణి లేపడం తప్పని నేననను. రచయిత కోనన్ డోయల్ 1893లో తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలోకి తోసేశాడు, 1903లో వెనక్కి రప్పించాడు. కానీ పెద్దమనిషి ఎంత ముందుచూపున్నవాడో చూడండి, శవాన్ని ఎవరికీ చూపించలేదు. అందుకే పదేళ్ల తర్వాత హోమ్స్ ఏదో కుస్తీ పట్టు వేసి తప్పించుకున్నాడంటే జనం సరేనన్నారు. మీరు శవాన్ని కోసి, కుట్టి, చీటీ కట్టి మరీ లేపారు. అమెరికాలో డాలస్ అనే సీరియల్ 1986లో ఇంకో దారి పట్టింది. చచ్చిపోయిన మనిషి స్నానం చేస్తూ కనిపించాడు, అంతకుముందు సీజన్ మొత్తం అతని మాజీ భార్యకు వచ్చిన కల అన్నారు. ఆ పద్ధతి మీకు నేర్పాలని కాదు. దయచేసి నేర్చుకోకండి.

ఇక మా అక్క. ఆవిడ పనిచేసేది ల్యాబ్‌లో. మీ నాలుగో ఎపిసోడ్ వచ్చినరోజు మేం చూసింది సీరియల్‌ని కాదు, అక్క మొహాన్ని. మీ కుర్రాడు దూదిపుల్లని మిషన్లో పెట్టాడు, డిటెక్టివ్ కోటు తొడుక్కునేలోపు డీఎన్ఏ రిపోర్ట్ వచ్చేసింది. దాంట్లో హంతకుడి ఫోటో, అడ్రసు, పైగా ఎడమచేతి వాటం అని కూడా ఉంది. అక్క లేచి నిలబడింది. "శాంపిల్ లోంచి డీఎన్ఏ విడదీయాలి, కొలవాలి, దాన్ని కోట్లాది కాపీలు చెయ్యాలి, ఆ తర్వాత ముక్కల్ని సైజుల ప్రకారం వేరుచేసి చూడాలి. ఎంత తొందరపడినా గంటకు పైమాటే. క్యూలో ఉంటే రోజులు, వారాలు. అయినా డీఎన్ఏకి ఇంటి నంబరు ఎక్కడ రాసి ఉంటుందిరా?" అని నన్ను నిలదీసింది. అదేదో నేను రాసినట్టు.

అదే ఊపులో వీధి చివర కెమెరా ఫుటేజీలో తలుపు గొళ్లెం మీద పడ్డ హంతకుడి నీడని పెద్దది చేసి మొహం పట్టేశారు. కెమెరాకి అందని వివరం ఎంత సాగదీసినా చుక్కగానే ఉంటుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు మొహాన్ని ఊహించి గీస్తాయే తప్ప అక్కడ లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాయి? క్లోరోఫాం రుమాలు సంగతి సరేసరి. మూడు సెకన్లలో అంత లావు మనిషి పడిపోయాడు. నిజంగా అయితే నిమిషాలు పడుతుంది, అంతసేపూ అతను మర్యాదగా ముక్కు అప్పగించి నిలబడాలి.

నాన్నకి సైన్సుతో పనిలేదు. ఆయన ఆడిటింగ్‌లో రిటైరయ్యారు. మీ బాంబు మీద 90 సెకన్లు ఉన్నాయి. ఆయన చేతిగడియారం చూసి లెక్కేశారు, ఆ 90 సెకన్లు నాలుగు నిమిషాల పది సెకన్లు నడిచాయి. మధ్యలో హీరోయిన్ తన చిన్నతనం గురించి చెప్పుకుని కాసేపు ఏడ్చింది కూడా. "ఖాతా కుదర్లేదు" అని నాన్న పడుకోవడానికి వెళ్లిపోయారు.

బావ ఒక్కడే మీ తరఫు వకీలు. లాజిక్ వెతికితే మ్యాజిక్ ఉండదంటాడు. సొరంగంలో కారు వెంటపడే సీను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. నిజం చెప్పొద్దూ, అది నాకూ నచ్చింది. ఆ ముసలి హెడ్ కానిస్టేబుల్‌గా వేసినాయన అయితే ఒక్క డైలాగ్ లేకుండా టోపీ తీసి మళ్లీ పెట్టుకోవడంతోనే మీ రచయితల పరువు కాపాడాడు. ఆయన్ని అయిదో ఎపిసోడ్‌లోనే చంపేశారు. చావాల్సినవాడు లేచొచ్చాడు, ఉండాల్సినవాడు పోయాడు.

నాకు మాత్రం వీటిలో దేనిమీదా కోపం లేదు. నా గొడవల్లా గొడుగు గురించి.

మొదటి సీజన్ రెండో ఎపిసోడ్‌లో హతుడి గుమ్మం పక్కన ఒక తడిసిన గొడుగు ఆనించి ఉంది. ఆ రోజు వాన పడలేదు. ఆ మాట డిటెక్టివ్ స్వయంగా అన్నాడు, కిందికి వంగి నేలమీది నీటి చుక్కని వేలితో తాకి చూశాడు. వెనక సంగీతం ఆగిపోయింది. అప్పుడు నాకు ఒళ్లు జలదరించింది చూశారూ, అందుకోసమే నేను మీ మొదటి ఎపిసోడ్ వచ్చినరోజు తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచాను. కవలల్ని ఒప్పుకున్నాను, సర్జరీని ఒప్పుకున్నాను, ఎక్కే రైలు దొరక్క హెలికాప్టర్ దొరికిన విధానాన్నీ ఒప్పుకున్నాను, ఎక్కడో ఒకచోట గొడుగు వస్తుందని. ఎనిమిది ఎపిసోడ్లలో ఎవరి నోటా ఆ ఊసు లేదు. ఏడో ఎపిసోడ్‌లో అదే గుమ్మం చూపించారు. గొడుగున్న చోట పూలకుండీ ఉంది.

మూడో సీజన్ ఉందని ఆఖర్లో వేశారు. అక్క ఇంక చూడనని ఒట్టేసింది, కానీ ఎప్పుడొస్తుందో నన్ను రెండుసార్లు అడిగింది. నాన్న గడియారానికి కొత్త బ్యాటరీ వేయించారు.

ఇట్లు,
మీ విధేయుడు కాకపోయినా మీకు తప్పని ప్రేక్షకుడు

తా.క.: గొడుగు నల్లది. పిడి దగ్గర కొంచెం విరిగింది. వెతికేటప్పుడు గుర్తుపట్టడానికి పనికొస్తుందని రాస్తున్నాను.