ముందు ఇంకోటి చదవాలట!

సూపర్‌హీరో గ్రాఫిక్ నవలలు చదవడం తేలికని లోకం చాలాకాలంగా అనుకుంటోంది. బొమ్మలుంటాయి, మాటలు తక్కువ, దుర్మార్గుడెవడో మొహం చూడగానే తెలిసిపోతుంది. లోకానికున్న ఈ భ్రమను పోగొట్టడానికి ఒక వర్గం రాత్రింబవళ్లు శ్రమిస్తోంది. వీరిని రీడింగ్ ఆర్డర్ నిపుణులంటారు. ఏ పుస్తకం బాగుంటుందని అడిగినా, దానికి ముందు చదవాల్సిన పుస్తకమేదో చెబుతారు. పోనీ అదే చదువుదామంటే, దానికీ ముందుది ఒకటుంటుంది. వీరి సేవకు మెచ్చి ఏదైనా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చినా తప్పులేదు. కాకపోతే ఇవ్వడానికి ముందు ఆ విశ్వవిద్యాలయం కూడా కొన్ని చదవాల్సి ఉంటుంది.

వీరి పనితనం తెలియాలంటే ఒక్కసారి రంగంలోకి దిగి చూడాలి. సినిమా చూసి ఉత్సాహంగా వచ్చిన కుర్రాడొకడు నిపుణుణ్ణి పట్టుకున్నాడనుకోండి.

"అన్నా, బ్యాట్‌మ్యాన్‌ది ఒక మంచి పుస్తకం చెప్పవా?"

నిపుణుడు కళ్లు మూసుకుని తెరుస్తాడు. "ఏ బ్యాట్‌మ్యాన్ తమ్ముడూ?"

"అదేనన్నా, గబ్బిలం చెవులు, నల్ల ముసుగు..."

"అది కాదు. 1985కి ముందా, తర్వాతా? 2011కి ముందా, తర్వాతా?"

"నాకు ఒక్క పుస్తకం చాలన్నా."

"ఒక్కటేనంటే, సరే, రెడ్ హుడ్ కథ బాగుంటుంది."

"అదే చదువుతా."

"అలా ఎలా చదువుతావ్? ఆ ముసుగులో ఉన్నది జేసన్ టాడ్. రెండో రాబిన్, అంటే బ్యాట్‌మ్యాన్ వెంట తిరిగే కుర్రాళ్లలో రెండోవాడు. అతను అప్పటికే చచ్చిపోయినవాడు కదా!"

"చచ్చిపోయాడా?"

"1988లో. పాఠకులే చంపారు. ఫోన్ చేసి ఓటెయ్యమన్నారు, కాల్‌కి 50 సెంట్లు. చంపేయమని 5,343 ఓట్లు, బతకనివ్వమని 5,271. 72 ఓట్ల తేడాతో పోయాడు పాపం."

"మరి చచ్చినవాడు ఎలా వచ్చాడన్నా?"

నిపుణుడి మొహం వెలిగిపోతుంది. జీవితమంతా ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాడాయన. "సూపర్‌బాయ్ ప్రైమ్ గోడని గుద్దాడు."

"ఏ గోడ?"

"వాస్తవం ఉంటుంది చూడు, దాని గోడ. ఆ దెబ్బకి శవపేటికలో ఉన్న జేసన్‌కి ప్రాణం వచ్చింది."

"గోడని గుద్దితే శవం లేస్తుందా?"

"మామూలు గోడైతే లేవదు."

కుర్రాడు కాసేపు ఆలోచిస్తాడు. "ఈ సూపర్‌బాయ్ ఎవరు? సూపర్‌మ్యాన్ కొడుకా?"

"ఛ ఛ. వేరే భూమి నుంచి వచ్చాడు. ఆ భూమి ఇప్పుడు లేదు, 1985లో మొదలైన 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్'లో పోయింది. పన్నెండు సంచికలు, ముందు అవి చదివెయ్. అసలు ఇన్నేసి భూములు ఎందుకున్నాయో తెలియకపోతే అది తలకెక్కదు కాబట్టి, దానికంటే ముందు 1961 నాటి ఫ్లాష్ 123వ సంచిక..."

"ఫ్లాష్ ఎందుకన్నా? నేనడిగింది బ్యాట్‌మ్యాన్!"

"బ్యాట్‌మ్యాన్ దగ్గరికే వస్తున్నా కదా, కంగారెందుకు?"

రాడు. ఎప్పటికీ రాడు. ఇంతలో నిపుణుడు ఫోన్‌లోంచి ఎక్సెల్ షీట్ తీస్తాడు. అందులో పసుపు గడులు తప్పనిసరిగా చదవాల్సినవి. ఆకుపచ్చవి ఓపికుంటే చదవాల్సినవి. ఎర్రవి చస్తే చదవకూడనివి, కానీ ఎందుకు చదవకూడదో తెలియాలంటే ఓసారి చదవక తప్పనివి. కుర్రాడు షీట్‌ని కిందికి జరుపుతూ పోతాడు. అడుగు కనిపించదు. ఇంటికెళ్లి సినిమానే ఇంకోసారి చూస్తాడు. కామిక్స్ చదివేవాళ్లు తగ్గిపోతున్నారని మర్నాడు నిపుణులందరూ కలిసి ఆవేదన వ్యక్తం చేస్తారు.

పాపం, తప్పంతా నిపుణులదే అనలేం. ఈ చిక్కుముళ్లు వేసింది ప్రచురణకర్తలు. కొత్త పాఠకుడికి సౌకర్యంగా ఉంటుందని వాళ్లు ఎప్పటికప్పుడు లెక్క ఒకటి నుంచి మొదలుపెడుతుంటారు. 1963లో ఒకటో నంబరుతో మొదలైన 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 1999లో మళ్లీ ఒకటి అయింది. 2014లో మళ్లీ. అది ఎవరికైనా కనబడలేదేమోనని 2015లో ఇంకోసారి. ఆ తర్వాత 2018, 2022, 2025. కొత్తగా వచ్చేవాడు తప్పిపోకూడదనే సదుద్దేశంతో ఇన్ని ముఖద్వారాలు కట్టారు. ఇప్పుడు వాడు ఏ ద్వారం ముందు నిలబడాలో చెప్పడానికి మళ్లీ నిపుణుడే కావాలి. ద్వారం దాటి లోపలికెళ్లాకైనా సుఖముందా అంటే, 1987లో పెళ్లి చేసుకున్న పీటర్ పార్కర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు అదే) కాపురాన్ని 2007లో సైతాన్ లాంటి ఒక శాల్తీకి రాసిచ్చేశారు. పిన్నిగారి ప్రాణం కోసమట. విడాకులిప్పిస్తే హీరోకి వయసైపోయినట్టు కనిపిస్తుందని భయపడి, నరకంతో ఒప్పందం చేసుకున్నారు. ఇలాంటి ఇంటిని చక్కబెట్టుకుంటూ వరసగా చదవాలని కూర్చునేవాడి ఓర్పుకి దండం పెట్టాలి.

నిపుణుల తర్వాత చెప్పుకోవాల్సింది గంభీరుల గురించి. వీళ్ల దృష్టిలో హీరో నవ్వితే అది పిల్లల పుస్తకం. వర్షం పడాలి, రక్తం కారాలి, హీరో పళ్లు కొరకాలి. 1986లో ఫ్రాంక్ మిల్లర్ 'ది డార్క్ నైట్ రిటర్న్స్', అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల 'వాచ్‌మెన్' వచ్చినప్పటి నుంచి ఈ జబ్బు ఉంది. ఆ రెండు పుస్తకాలూ నిజంగానే గొప్పవి, అందులో సందేహం లేదు. కానీ 'వాచ్‌మెన్' ఐదో అధ్యాయం తెరిచి చూడండి. మొదటి పేజీలో బొమ్మల గడుల అమరిక ఎలా ఉందో చివరి పేజీలో అదే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. రెండో పేజీకి చివరి నుంచి రెండోది జత. అలా లోపలికి నడుచుకుంటూ వెళ్తే సరిగ్గా మధ్యలో రెండు పేజీలు ఒకదానికొకటి ఎదురుబొదురుగా కలుస్తాయి. నెలనెలా గడువుకి పరిగెడుతూ చేసిన పని ఇది! దాన్ని చూసి తర్వాతివాళ్లు నేర్చుకున్నదేమిటంటే, హీరో గడ్డం గీసుకోకూడదని.

సరే, ఏది చదవాలి మరి? నన్నడిగితే, తన తలుపు తనే తెరిచే పుస్తకం చదవాలి. గ్రాంట్ మారిసన్ రాసి ఫ్రాంక్ క్వైట్లీ గీసిన 'ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్' తీసుకోండి. 2005లో మొదలై 2008లో ముగిసింది, మొత్తం పన్నెండే సంచికలు. మొదటి పేజీలో నాలుగు బొమ్మలు, ఒక్కో బొమ్మకి రెండేసి ఇంగ్లిషు మాటలు. నాశనమవుతున్న గ్రహం, దిక్కుతోచని శాస్త్రవేత్తలు, చివరి ఆశ, దయగల దంపతులు. అంతే, సూపర్‌మ్యాన్ పుట్టుపూర్వోత్తరాలు అయిపోయాయి. నిపుణుడు దీనికి కూడా ముందు చదవాల్సినవి చెబుతాడు, వినకండి.

అదే పుస్తకం పదో సంచికలో ఒక పేజీ ఉంది. ఎత్తయిన భవనం అంచున ఒక అమ్మాయి దూకడానికి నిలబడి ఉంటుంది. ఫోన్ చేతిలోంచి జారిపోయింది. వెనక నుంచి సూపర్‌మ్యాన్ వచ్చి, నీ డాక్టరు కావాలని మానలేదమ్మా, నిజంగానే ఆలస్యమైంది, నువ్వనుకునేదానికంటే నువ్వు గట్టిదానివి అంటాడు. పక్కకి లాగెయ్యడు, ఎగరేసుకుపోడు. ఆ అమ్మాయి తిరిగి అతన్ని వాటేసుకుంటుంది, పేజీ అయిపోతుంది. ఆ కథలో సూపర్‌మ్యాన్ తానే చావుకి దగ్గరపడి ఉన్నాడు, చేయాల్సిన పనులు తరుముతున్నాయి, అయినా ఆగాడు. ఇది అర్థం కావడానికి ఏ భూమి ఎప్పుడు పేలిందో తెలియక్కర్లేదు. గంభీరులు మాత్రం ఇందులో హింస సరిపోలేదంటారు.

ఇంకొన్ని చెబుతాను. మ్యాట్ ఫ్రాక్షన్, డేవిడ్ అహా కలిసి చేసిన 'హాకై'లో పదకొండో సంచిక మొత్తం ఒక కుక్క వైపు నుంచి నడుస్తుంది. దానికి మనుషుల మాటలు ఒకటీ అరా తప్ప తెలియవు కాబట్టి మనకూ వినబడవు. ఎవరి దగ్గర ఏ వాసన వస్తోందో చిన్న చిన్న గుర్తులతో బొమ్మ కట్టి చూపిస్తారు. ఇది కామిక్స్ మాత్రమే చేయగల పని. 2014లో మొదలైన 'మిజ్ మార్వెల్'లో కమలా ఖాన్ అనే పిల్లకి శక్తులు రాగానే తను ఆరాధించే హీరోయిన్‌లా బంగారు జుట్టు పిల్లగా మారిపోతుంది. మారాక బట్టలు బిగుతుగా ఉండి చిరాకు పుడుతుంది. జి. విల్లో విల్సన్ రచన అది, ఏడ్రియన్ అల్ఫోనా బొమ్మలు. మొదటి సంపుటానికి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. ఈ రెండిటికీ మీ నిపుణుడి షీట్‌లో ఆకుపచ్చ గడి దొరికితే గొప్పే.

గమనించే ఉంటారు, ప్రతి పుస్తకానికీ మనుషుల పేర్లు చెబుతున్నాను. ఊరికే కాదు. "చదివి తీరాల్సిన బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు" అంటూ తిరిగే జాబితాలు చూడండి. హీరో పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది, ఏ సినిమాకి ఆధారమో ఉంటుంది. రాసినవాడు ఒక్కోసారి ఉంటాడు. గీసినవాడు ఉండడు. రంగులు వేసినవాడైతే పుట్టనే లేదు. 'వాచ్‌మెన్' అంటే పడిచచ్చేవాళ్లలో దానికి రంగులద్దిన జాన్ హిగిన్స్ పేరు ఎంతమందికి తెలుసు?

ఇది మర్యాదకి సంబంధించిన చిన్న లోపమని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. ఈ మరపు మీదే ఈ వ్యాపారం కట్టారు. 1938లో సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ సూపర్‌మ్యాన్‌ని అమ్ముకున్నది 130 డాలర్లకి. ఆ మొత్తంతో పాటు ఇతర పనుల బాకీలూ కలిపి 412 డాలర్లకి ఒకే చెక్కు ఇచ్చారు. దాని మీద ఇద్దరి పేర్లూ తప్పు రాశారు! తప్పు స్పెల్లింగుతో ఒకసారి, సరైన స్పెల్లింగుతో ఒకసారి సంతకం పెట్టి వాళ్లు ఆ డబ్బు తీసుకోవాల్సి వచ్చింది. ఆ చెక్కు కాగితం 2012లో వేలంలో 1,60,000 డాలర్లు పలికింది. కాగితానికి వచ్చింది, మనుషులకి రాలేదు. షుస్టర్‌కి చూపు దెబ్బతిని, ఇద్దరూ చితికిపోయి, తోటి కళాకారులు పోరాడితే తప్ప 1975లో హక్కులు కొనుక్కున్న కంపెనీకి ఏడాదికి 20,000 డాలర్ల పింఛనూ కథ మీద ఇద్దరి పేర్లూ ఇవ్వాలని తోచలేదు.

బిల్ ఫింగర్ సంగతి ఇంకా ఘోరం. బాబ్ కేన్ మొదట గీసుకొచ్చిన బ్యాట్‌మ్యాన్‌కి ఎర్ర బట్టలు, కర్రల్లా బిగుసుకున్న రెక్కలు. ముసుగు, అంచులు చీలిన కేప్, బూడిద రంగు ఫింగర్ చెప్పినవి. బ్యాట్‌మ్యాన్ ఊరికి గోథమ్ అనే పేరు ఆయనది. 1939లో వచ్చిన మొదటి కథ రాసింది ఆయన. ఆయన 1974లో పోయాడు. సృష్టికర్తగా కేన్ పేరు పక్కన "బిల్ ఫింగర్‌తో కలిసి" అని అధికారికంగా వేసింది 2015లో. దేవుడు బాబ్ కేన్‌కి ఒక కలను ప్రసాదించాడని కేన్ సమాధి రాయి మీద చెక్కారు. దేవుడికి క్రెడిట్ దక్కింది, ఫింగర్‌కి దక్కలేదు. సిగ్గు లేకపోతే సరి!

'వాచ్‌మెన్'కి తిరిగొస్తాను. పుస్తకం అచ్చు ఆగిపోయి ఏడాది గడిస్తే హక్కులు రచయితకీ చిత్రకారుడికీ తిరిగి వెళ్లాలని ఒప్పందం. అచ్చు ఆగనే లేదు. 2012లో మూర్ వద్దు మొర్రో అంటున్నా 'బిఫోర్ వాచ్‌మెన్' పేరుతో పూర్వకథలు వేరేవాళ్ల చేత రాయించి అమ్మారు. కొందరు నిపుణులు ఏమంటారో తెలుసా? పేరులోనే బిఫోర్ అని ఉంది కాబట్టి ముందు అవి చదవాలట! సృష్టికర్త కాదు పొమ్మన్న పుస్తకాలు తిని అరిగించుకున్నాక గాని ఆయన పుస్తకం ముట్టుకోకూడదట. ఈ మాట అన్నవాడి షీట్‌ని వాడి చేతే చింపించాలి.

కాబట్టి అట్ట మీద హీరో ఎంత పెద్దగా ఉన్నాడో వదిలేసి, కింద చిన్న అక్షరాలు చదవండి. 'బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్' చదివారనుకుందాం. 1987లో వచ్చిన నాలుగంటే నాలుగు సంచికలు, అందులో సగం కథ అలిసిపోయిన పోలీసాయన గోర్డన్‌దే. రాసింది ఫ్రాంక్ మిల్లర్, గీసింది డేవిడ్ మాజుకెల్లి, రంగులు రిచ్మండ్ లూయిస్. నచ్చితే ఇంకో బ్యాట్‌మ్యాన్ కోసం పరిగెత్తకండి, మాజుకెల్లి కోసం వెతకండి. మిల్లర్‌తోనే 1986లో చేసిన 'డేర్‌డెవిల్: బార్న్ ఎగైన్' దొరుకుతుంది. అక్కడ మాజుకెల్లి గీత ఎలా ఉందో, మరుసటి ఏడాదికి ఎంత సన్నబడి ఎన్ని అనవసరపు గీతలు వదిలించుకుందో పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత 2009లో ఆయన ఒక్కడే రాసి గీసిన 'ఆస్టీరియస్ పాలిప్' ఉంది. అందులో ఒక ఆర్కిటెక్టు, అతని భార్య, ఓ తగలబడిన ఫ్లాటు తప్ప ముసుగులూ కేపులూ ఏమీ ఉండవు.