ఇష్టం లూమియా, కాపురం ఆండ్రాయిడ్‌తో

మా పిన్ని ఫోనులో జాగా అయిపోయింది. పాత వీడియో ఏదో ఒకటి తుడిస్తేగానీ కొత్త ఫోటో దిగడం లేదు. కొత్తది కొనాలన్నది ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, ఏది కొనాలన్నదే తేలలేదు. ఒకవైపు మా బాబాయి. టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. నోకియా దగ్గర మొదలెట్టి, కనబడ్డ ప్రతి రకమూ వాడి, చివరికి ఆండ్రాయిడ్ దగ్గర ఆగాడు. రెండోవైపు మా అక్క. హైదరాబాదులో యాప్‌లు టెస్ట్ చేసే ఉద్యోగం. ఆండ్రాయిడ్ వదిలేసి ఐఫోన్‌కి వెళ్ళాక మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. కాకినాడలో ఆదివారం భోజనాలయ్యాక వీళ్ళిద్దరికీ జరిగిన వాదన ఇది. మధ్యలో పక్కింటి వాళ్ళ కబుర్లు వచ్చినచోట కోసేశాను.

అక్క: పిన్నికి ఐఫోన్ కొందాం బాబాయ్. ఒకసారి కొంటే ఆరేళ్ళ దాకా మళ్ళీ షాపు మెట్లెక్కక్కర్లేదు.

బాబాయి: ఆ మాట నాకు చెప్పకమ్మా. "ఇక ఇదే, మార్చే పనుండదు" అనుకునే ప్రతి ఫోనూ కొన్నాను. నేను సింబియన్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న నోకియా వాడే రోజుల్లో ప్రపంచంలో అమ్ముడయ్యే స్మార్ట్‌ఫోన్లలో సగానికి పైగా సింబియన్‌వే. 2011 ఫిబ్రవరిలో నోకియానే దాన్ని వదిలేసి మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది. పోనీ అటు వెళ్ళినవాళ్ళైనా సుఖపడ్డారా? 2012లో మైక్రోసాఫ్ట్ కొత్త సాఫ్ట్‌వేర్ విండోస్ ఫోన్ 8 వచ్చేసరికి, అంతకుముందు ఏడాది నోకియా విండోస్‌తో అమ్మిన లూమియా ఫోన్లకి అది ఎక్కదని చెప్పేశారు.

అక్క: వాళ్ళు ఓడిపోయారు కాబట్టి అలా అయింది. ఆపిల్ ఓడిపోలేదుగా! 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కి 2021లో ఐఓఎస్ 15 అనే కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. 2018 నాటి ఎక్స్‌ఎస్‌కి 2024లో ఐఓఎస్ 18 వచ్చింది. ఆ రోజుల్లో ఆండ్రాయిడ్‌లో రెండేళ్ళు దాటితే అడిగే నాథుడు లేడు.

బాబాయి: ఆ రోజుల్లో అని నువ్వే అన్నావు. 2023లో పిక్సెల్ 8కి గూగుల్ ఏడేళ్ళు అప్‌డేట్లు ఇస్తానంది. మరుసటి జనవరిలో ఎస్24కి శాంసంగ్ కూడా అదే మాట అంది.

అక్క: పిన్నికి కొనేది ఎస్24 కాదు కదా. ఇరవై వేల ఫోనుకి ఎవరిస్తున్నారు ఏడేళ్ళు?

బాబాయి: ఏడు కాదు, ఆరు. శాంసంగ్ ఏ16 5జీ. 2024లో ఇరవై వేల లోపే వచ్చింది.

(అక్క ఫోను తీసి వెతికి చూసుకుంది. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.)

అక్క: సరే, అప్‌డేట్ల మాట పక్కన పెట్టు. పిన్నికి మొన్న వాట్సాప్‌లో ఏమొచ్చిందో తెలుసా? పెళ్ళి శుభలేఖ. నొక్కితే ఫోటో కాదు, ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్ ఎక్కించేది. చలాను పేరుతో ఒకటి, పీఎం కిసాన్ పేరుతో ఇంకొకటి ఊరంతా తిరుగుతున్నాయి. అది ఎక్కిందంటే ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, ఓటీపీలు అవతలివాడికి చేరతాయి. ఐఫోన్‌లో ఆ ఫైలు ఎన్నిసార్లు నొక్కినా ఎక్కదు.

బాబాయి: ఆండ్రాయిడ్‌లో కూడా దానంతట అది ఎక్కదు. తెలియని చోటు నుంచి యాప్ ఎక్కించనివ్వాలా అని అడుగుతుంది. వద్దంటే ఆగిపోతుంది.

అక్క: పిన్ని ఎప్పుడైనా వద్దందా? అడిగిన ప్రతిదానికీ "అలో" నొక్కుతుంది.

పిన్ని (వంటింట్లోంచి): నొక్కకపోతే ఆ పెట్టె తెర మీంచి పోదు కదే!

బాబాయి: అది నేర్పుకుంటే వస్తుంది. ఆ తలుపు మొత్తం మూసేస్తామంటే మాత్రం నేనొప్పుకోను. నా ఫోనులోకి ఏది రావాలో ఆపిల్ చెప్పడమేమిటి? యూరప్ వాళ్ళు చట్టం చేసి మెడమీద కూర్చుంటేగానీ 2024లో అక్కడైనా వేరే స్టోరుని రానివ్వలేదు. మనకి అదీ లేదు.

అక్క: గూగుల్ ఏమన్నా ధర్మసత్రం నడుపుతోందా? ఆండ్రాయిడ్‌లో తన పెత్తనాన్ని దుర్వినియోగం చేసిందని 2022లో మన కాంపిటిషన్ కమిషన్ 1,337 కోట్ల జరిమానా వేసింది. అదే ఐఫోన్‌లో చూడు. 2021లో ఐఓఎస్ 14.5 వచ్చాక, వేరే యాప్‌లలో నువ్వు చేసేది గమనించాలంటే ముందు నిన్ను అడగాల్సిందే. దానివల్ల ఒక్క ఏడాదిలో 10 బిలియన్ డాలర్లు పోతాయని ఫేస్‌బుక్ వాళ్ళే లెక్క చెప్పారు.

బాబాయి: మంచిదే. అది మాత్రం ఒప్పుకుంటాను. ఇప్పుడు తెలుగు సంగతికి రా.

(ఇది బాబాయికి ఇష్టమైన చోటు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.)

బాబాయి: నోకియాలో తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు కనబడేవి. ఒపేరా మినీ వేసుకుని, అడ్రసు గడిలో ఒపేరా, కోలన్, కాన్ఫిగ్ అని కొట్టి, వచ్చిన పేజీలో అడుగు దాకా దిగి, క్లిష్టమైన లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్నచోట ఎస్ పెట్టాలి. అప్పుడు వాళ్ళ సర్వరు తెలుగుని బొమ్మగా మార్చి పంపేది. చదవడానికి బాగానే ఉండేది. అందులో ఒక్క ముక్క కాపీ చేద్దామంటే మాత్రం కుదరదు, అక్కడున్నది అక్షరం కాదు, అక్షరం ఫోటో. అలా తెలుగు చదివినవాణ్ణి నేను. ఇవాళ గూగుల్ కీబోర్డు జీబోర్డులో మైకు నొక్కి మాట్లాడితే తెలుగులో టైపవుతోంది. 2017 ఆగస్టులో ఆ సదుపాయం వచ్చిన దగ్గర్నుంచి మీ పిన్ని అసలు టైపు చేయడమే మానేసింది. మరి ఐఫోన్? 2018లో ఒక్క "జ్ఞా"కి కుప్పకూలింది!

అక్క: ఆ బగ్ గురించి నాకంటే నీకు బాగా తెలుసా? మామూలుగా జ్ఞానం అని రాస్తే ఏమీ అయ్యేది కాదు. జ్ఞ అయ్యాక, దీర్ఘం రాకముందు, కంటికి కనబడని క్యారెక్టర్ ఒకటి దూరాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఆ వరసలో వచ్చిన అక్షరాన్ని తెర మీద గీయబోయి యాప్ పడిపోయేది. ఎవరైనా ఆకతాయి పంపిస్తే మెసేజీల యాప్ తెరవడమే కష్టమయ్యేది. అదంతా నిజమే. ఫిబ్రవరి మధ్యలో గొడవ బయటికొచ్చింది, 19వ తేదీకల్లా ఐఓఎస్ 11.2.6 ఇచ్చేశారు. అదే రోజు, ప్రపంచంలో ఐఓఎస్ 11 నడిచే ఐఫోన్లన్నిటికీ. ఇప్పుడు నువ్వు చెప్పు. ఆండ్రాయిడ్‌లో అలాంటి తప్పే దొరికిందనుకో. గూగుల్ సరిచేస్తుంది. ఆ దిద్దుబాటుని చిప్ వాడు చూసుకోవాలి, తర్వాత ఫోను కంపెనీ తన మార్పులన్నిటితో కలిపి మోడల్ మోడల్‌కీ విడివిడిగా పరీక్షించాలి. నీ దాకా ఎప్పటికొస్తుంది?

బాబాయి: వస్తుంది.

అక్క: ఎప్పటికి?

బాబాయి: వస్తుందే తల్లీ, నెలో రెండు నెలలో. ఖరీదైనవాటికి ముందు, చవకవాటికి తర్వాత.

(నా లెక్కలో ఈ రౌండు అక్కది.)

అక్క: అయినా నువ్వు ఐఫోన్ వాడావు కదా కొన్నాళ్ళు. ఎందుకొదిలేశావు?

బాబాయి: మావాడు డాలస్ నుంచి ఐఫోన్ 14 తెచ్చాడు. విప్పి చూస్తే సిమ్ పెట్టే సొరుగే లేదు.

అక్క: 2022 నుంచి అమెరికా మోడళ్ళు అంతే, ఉత్త ఈసిమ్, కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్. ఇక్కడ కొన్న ఐఫోన్ 14కి ట్రే ఉంటుంది. తెచ్చేవాళ్ళని ముందే అడగాలి.

బాబాయి: తెచ్చాక తెలిసింది. నా నంబరు కంపెనీ వాళ్ళేమో మన ఊళ్ళో ఇంకా ఈసిమ్ ఇవ్వడం లేదన్నారు. బ్యాంకు, ఆధార్, పెన్షన్ అన్నీ ఆ నంబరుకే. యూపీఐ ఏం చేస్తుంది? కొత్త ఫోనులో యాప్ తెరవగానే, ఆ ఫోనులో ఉన్న సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ పంపి, నంబరునీ ఫోనునీ కలిపి కట్టేస్తుంది. సిమ్ పాత ఫోనులో, యాప్ కొత్త ఫోనులో ఉంటే కుదరదు. కూరగాయల బండి దగ్గర స్కాన్ చేయడానికి పాతది, మావాడితో వీడియో కాల్‌కి కొత్తది. రెండూ జేబులో వేసుకుని తిరిగాను.

అక్క: అది ఐఫోన్ తప్పు కాదు. నంబరు కంపెనీ తప్పు.

బాబాయి: ఎవరి తప్పయినా మోసింది నా జేబు. ఇంకోటి. స్పామ్ కాల్ వస్తే ఎవరిదో ట్రూకాలర్‌లో వెంటనే పేరు కనబడాలి. ఐఫోన్‌లో ఆ సదుపాయం సరిగ్గా కుదిరింది 2025లో. కాల్ రికార్డింగ్ 2024 చివర్లో ఇచ్చారు, అదీ అవతలివాళ్ళకి గట్టిగా చెప్పి మరీ.

అక్క: చెప్పకుండా రికార్డు చేయడం మర్యాదా?

బాబాయి: గ్యాస్ ఏజెన్సీ వాడితో మాట్లాడేటప్పుడు మర్యాద చూసుకుంటూ కూర్చోమంటావా!

(ఇక్కడ మాత్రం ఇద్దరూ నవ్వారు.)

బాబాయి: అసలు మన ఊళ్ళలో స్మార్ట్‌ఫోను అందరి చేతుల్లోకీ వచ్చిందంటే ఆండ్రాయిడ్ వల్లే. 2015 ఆగస్టులో షావోమీ వాళ్ళు విశాఖపట్నం వచ్చి రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదల చేశారు, మన శ్రీసిటీలో తయారైంది, 6,999 రూపాయలు. భీమ్ యాప్ వచ్చింది కూడా ముందు ఆండ్రాయిడ్‌కే.

అక్క: హైదరాబాదు పక్కన కొంగరకలాన్‌లో ఆపిల్ ఇయర్‌ఫోన్లు, ఎయిర్‌పాడ్స్ చేస్తున్నారు. కొనిపెట్టనా నీకు? నేనెందుకు మారానో చెబుతాను విను. నా చివరి ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచినా ప్రకటన, ఫైళ్ళు తెరిచినా ప్రకటన, లాక్ తెర మీద రోజుకో సినిమా తార. నేను వేసుకోని ఆటలు రెండు పూట్లకొకసారి నోటిఫికేషన్ పంపేవి. తీసేద్దామంటే డిలీట్ బటనే లేదు.

బాబాయి: అది ఆండ్రాయిడ్ తప్పు కాదు. ఆ కంపెనీ తప్పు.

అక్క: ఎవరి తప్పయినా చూసింది నా కళ్ళు.

(బాబాయి మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. తన మాట తనకే తగిలినప్పుడు ఆయన చేసే పని అదే.)

అక్క: నిజం చెప్పు బాబాయ్. ఇన్ని మార్చావు కదా, వీటన్నిట్లో నీకు నచ్చినదేది?

బాబాయి: లూమియా 520.

అక్క: ఆండ్రాయిడ్ కాదా?

బాబాయి: కాదు. 2013లో పదివేల చిల్లరకి కొన్నాను. 512 ఎంబీ ర్యామ్. అంత ర్యామ్‌తో ఆండ్రాయిడ్ ఫోను ఈడ్చుకుంటూ నడిచేది, ఇది మాత్రం వేలు పెడితే జారిపోయేది. ఇన్ని బొమ్మలు, ఇన్ని రంగులు ఉండేవి కావు. నల్లటి తెర, పెద్ద పెద్ద పలకలు. ఎన్ని కాల్స్ తప్పిపోయాయో, ఎవరు మెయిల్ పంపారో ఏ యాప్ తెరవకుండానే పలక మీద కనబడేది. కళ్ళజోడు లేకుండా చదివేవాణ్ణి. దానికి వచ్చిన చిక్కల్లా యాప్‌లు లేకపోవడం. యూట్యూబ్‌కి గూగుల్ సరైన యాప్ ఇవ్వలేదు. పోనీలే అని మైక్రోసాఫ్టే ఒకటి రాసుకుంటే తీసేయమని గూగుల్ నోటీసిచ్చింది. చివరికి మన హైదరాబాదీ సత్య నాదెళ్లే దుకాణం కట్టేయాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొనడం ఆయనకి ముందు నుంచీ ఇష్టం లేదట, వద్దనే ఓటేశానని తన పుస్తకంలో రాసుకున్నాడు. 2015 జులైలో 7.6 బిలియన్ డాలర్లు నష్టం కింద రాసేసి, 7,800 మందిని పంపించేశాడు. 2019 ఆఖరు రోజుతో వాట్సాప్ కూడా విండోస్ ఫోన్లకి ఆగిపోయింది. వాట్సాప్ లేని ఫోను పెట్టుకుని కాకినాడలో ఏం చేస్తాం? అందుకని, ఇష్టం లూమియా, కాపురం ఆండ్రాయిడ్‌తో.

అక్క: మరి నీకంత నచ్చినదాన్ని చంపింది గూగులే కదా. దాన్నే వెనకేసుకొస్తున్నావు!

బాబాయి: వెనకేసుకురావడం లేదు. ఈసారి నమ్మి కొనలేదు, అంతే. శాంసంగ్ నచ్చకపోతే మోటోరోలా, అది కాకపోతే ఇంకోటి. తీగ తగిలిస్తే కంప్యూటర్లో నా ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు తెరుచుకుంటాయి. నీ ఐఫోన్‌ని విండోస్‌కి తగిలిస్తే ఫోటోలు, వీడియోలు తప్ప ఏం కనబడతాయి? ఆపిల్‌తో చెడితే ఐఓఎస్ ఉన్న ఇంకో కంపెనీ ఫోను ఎక్కడుంది?

అక్క: నువ్వు వదిలిపోవడం ఎలాగో చూసుకుని ఫోను కొంటావు బాబాయ్. నేను వాడుకోవడానికి కొంటాను.

బాబాయి: నాలాగా దుకాణాలు మూతబడటం చూస్తే నువ్వూ అంతే.

అక్క: అలా అని మార్చడం ఎవరికైనా తేలికా? ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోకి పోతుంది, ఐఫోన్‌ది ఐక్లౌడ్‌లోకి. ఒకదాన్ని ఇంకోటి చదవదు. 2022లో ఫోను మార్చుకునే యాప్ మూవ్ టు ఐఓఎస్‌తో ఒక దారి ఇచ్చారు, అదీ కొత్త ఫోను మొదటిసారి ఆన్ చేసేటప్పుడే చేసుకోవాలి. తర్వాత గుర్తొస్తే మొత్తం రీసెట్.

పిన్ని (చేతులు తుడుచుకుంటూ వచ్చి): ఏమే, వాట్సాప్ పోతుందా? నా చీటీల లెక్కంతా అందులోనే ఉంది!

బాబాయి: విన్నావా?

అక్క: పోదు పిన్నీ, నేను దగ్గరుండి చేస్తాను. ఇంతకీ కొత్త ఫోనులో నీకేం కావాలి?

పిన్ని: కింద మూడు గుర్తులుంటాయి చూడు, వెనక్కి పోయే బాణం, ఇంటి గుర్తు, మూడోది. అవి ఉండాలి. తెర పక్కనుంచి వేలితో తొయ్యడం నాకు రాదు. మొన్న నీ ఫోనులో ఫోటోలు చూస్తూ ఎటు పోవాలో తెలియక నీకే తిరిగిచ్చాను.

(ఆండ్రాయిడ్‌లో ఆ మూడు బటన్లూ కావాలంటే సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో అలాంటివి లేవు. అక్కకి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు.)

అక్క: అయితే ఆండ్రాయిడే. ఆరేళ్ళు అప్‌డేట్లు వచ్చేదే కొనాలి. వచ్చిన రోజునే నా చేతికివ్వాలి. తెలియని చోటు నుంచి యాప్ ఎక్కించే అనుమతి ఏ యాప్‌కీ లేకుండా తీసేస్తాను.

బాబాయి: తీసెయ్. నాదీ ఒకసారి చూడు.

(అక్క బాబాయి ఫోను తీసుకుని సెట్టింగ్స్‌లోకి వెళ్ళింది. వాట్సాప్, టెలిగ్రామ్, క్రోమ్, ఫైల్ మేనేజర్, అన్నిటికీ ఆ అనుమతి ఇచ్చి ఉంది.)

అక్క: బాబాయ్!

బాబాయి: ఫైల్ మేనేజర్ ఒక్కటీ ఉంచు. మిగతావి తీసెయ్.