కాగితం మీది, తీర్పు మాది

న్యాయం వెలకట్టలేనిదని పెద్దలంటారు. వెల కట్టలేని దానికి బడ్జెట్‌లో డబ్బు చూపించడం ఎలా? అందుకే అమెరికా రాష్ట్రాలు దాన్ని చాలావరకు కోర్టుల తెలివితేటలకే వదిలేశాయి.

2009 మాంద్యంలో ఒహాయోలోని మారో కౌంటీ మునిసిపల్ కోర్టుకు కాగితాలు కొనే స్తోమత లేకపోయింది. కొత్త కేసు వేయాలంటే కాగితాలు మీరే తెచ్చుకోండి అన్నారు. గొప్ప సంస్కరణ. నాలుగు కాగితాలు కొనే ఓపిక లేనివాడికి అన్యాయం మరీ పెద్దగా జరిగి ఉండదు. అదే ఏడాది న్యూహాంప్‌షైర్ జ్యూరీల ఖర్చు తగ్గించుకోవడానికి నెలపాటు జ్యూరీ విచారణలు ఆపింది. కాలిఫోర్నియా సెప్టెంబరు నుంచి నెలనెలా మూడో బుధవారం కోర్టులకు తాళం వేసింది. మిగతా రోజుల్లో రాజ్యాంగం యథావిధిగా నడిచింది.

అయితే ఇదంతా పొదుపు. పొదుపుతో పూట గడుస్తుందేమో గానీ నాలుగు రాళ్లు వెనకేయలేం. ఆ విద్య మిస్సోరీలోని ఫెర్గూసన్‌కు తెలుసు. జనాభా సుమారు 21,000. అమ్మకం పన్ను తగ్గేలా ఉంది, చలాన్లు జోరుగా రాయకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెరగడం కష్టమని 2010లో ఊరి ఆర్థికాధికారి పోలీసు చీఫ్‌కు రాశారు. 2013లో అక్కడి కోర్టు 9,000కు పైగా వారంట్లు ఇచ్చింది. చాలావరకు పార్కింగ్, ట్రాఫిక్ లాంటి తప్పులకే. హంతకులు దొరకలేదని కోర్టు మూసుకుంటామా?

2015లో అమెరికా కేంద్ర న్యాయశాఖ ఫెర్గూసన్ మీద ఇచ్చిన నివేదికలో ఒకావిడ సంగతి ఉంది. 2007లో కారు పెట్టకూడని చోట పెట్టింది. జరిమానా 151 డాలర్లు, ఫీజులు అదనం. కొన్నాళ్లు ఉండటానికి ఇల్లు కూడా లేని మనిషి. వాయిదాకు రాలేదని కేసు మీద కేసు, దాని మీద మళ్లీ జరిమానా. ఆరు రోజులు జైల్లో కూడా ఉంది. ఓసారి 25, ఇంకోసారి 50 డాలర్లు కట్టబోతే కోర్టు తిప్పి పంపేసింది, మొత్తం ఒకేసారి కట్టాలట. చిల్లర పుచ్చుకుంటే న్యాయపీఠం పరువేం కాను! 2014 డిసెంబరు నాటికి ఆవిడ 550 డాలర్లు కట్టేసింది. ఇంకా 541 బాకీ.

ఇంత ఇచ్చిన మనిషిని రికార్డుల్లో ముద్దాయి అని రాసుకున్నారు. మన గుళ్లల్లో ట్యూబులైటు ఇచ్చినా దాని మీద దాత పేరు, గోత్రం రాస్తారు.